అనుమానం పెనుభూతం

ఒక లారీ డ్రైవరు ఉన్నాడనుకుందాం. పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. లోడు ఎక్కించుకుని దూర ప్రాంతాలు తిరుగుతాడు. ఒకసారి దారిలో తప్పటడుగు వేశాడు. నిరోధ్ వాడలేదు. ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. నాలుగు నెలలు గడిచాక సర్కారు ఆసుపత్రికి వెళ్ళాడు. హెచ్.ఐ.వి. రక్త పరీక్ష చేయించుకున్నాడు. 'నెగెటివ్' అని కాగితం ఇచ్చారు.

వారం రోజులు హాయిగా ఉన్నాడు. తర్వాత జలుబు చేసింది. "ఇది అదేనేమో!" అనుకున్నాడు. వేరే ఊరు వెళ్ళి డబ్బు కట్టి మళ్ళీ పరీక్ష చేయించాడు. నెగెటివ్. నెల తిరక్కుండా మూడోసారి. అదీ నెగెటివే. కాగితాలు మూడయ్యాయి. భయం మాత్రం పోలేదు. అన్నం సయించదు. రాత్రి నిద్ర పట్టదు. చిన్నపిల్ల ఒళ్ళోకి వస్తే పక్కకు జరుపుతాడు. "ఏమైందయ్యా నీకు?" అని భార్య అడిగితే కసురుకుంటాడు.

ఇలా లోలోపల కుమిలిపోయేవాళ్ళు ఎందరో ఉన్నారు. మగవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. ఎవరికీ చెప్పుకోలేరు.

నెగెటివ్ అంటే ఏమిటి?

కొందరు ఈ మాట విని చెడ్డ కబురు అనుకుంటారు. కాదు. 'నెగెటివ్' అంటే 'లేదు' అని. 'పాజిటివ్' అంటే 'ఉంది' అని. మొదటి పరీక్షలో 'ఉంది' అని వస్తే, వెంటనే ఖాయం చెయ్యరు. వేరే రకం పరీక్షలు కూడా చేసి చూస్తారు. అన్నీ ఒకే మాట చెబితేనే 'ఉంది' అంటారు.

మూడు నెలలు ఎందుకు ఆగాలి?

హెచ్.ఐ.వి. క్రిమి ఒంట్లో చేరితే, దాన్ని ఎదిరించటానికి మన ఒళ్ళు కొన్ని పదార్థాలు తయారు చేస్తుంది. మామూలు పరీక్ష వాటినే వెతుకుతుంది. అవి పరీక్షకు అందేటంతగా తయారు కావటానికి కొన్ని వారాలు పడుతుంది.

విత్తనం వేసిన మర్నాడే మొలక కనపడదు కదా! అలాగే, తొందరపడి వారానికే పరీక్ష చేయిస్తే ఆ ఫలితం నమ్మలేం. మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించుకోవాలి. అంతవరకు భార్యాభర్తలు నిరోధ్ వాడాలి.

మూడు నెలలు నిండాక నెగెటివ్ వస్తే నమ్మవచ్చు. ఆ మధ్యలో కొత్తగా మళ్ళీ ప్రమాదం లేకపోతే, ఇక పరీక్ష అవసరం లేదు.

మరి ఒళ్ళు ఎందుకు చిక్కింది?

డ్రైవరు అడిగే మాట ఇదే. "నాకు ఏమీ లేకపోతే బరువు ఎందుకు తగ్గాను? గుండె దడ ఎందుకు? చెమటలు ఎందుకు?"

భయం వల్ల. బెంగ పెట్టుకున్నవాడు అన్నం సరిగా తినడు. తినకపోతే చిక్కిపోతాడు. చిక్కిపోయానని ఇంకా భయపడతాడు. గానుగెద్దు లాగా అక్కడక్కడే తిరుగుతాడు.

ఒంటి మీది గుర్తులు చూసి హెచ్.ఐ.వి. ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. జ్వరం, దగ్గు, విరేచనాలు అందరికీ వస్తాయి. వాటికి వైద్యం చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. సంగతి చెప్పేది రక్త పరీక్ష ఒక్కటే.

పిల్లను దూరం పెట్టటం కూడా అనవసరం. క్రిమి ఉన్నవాళ్ళు ముట్టుకున్నా, ముద్దు చేసినా, ఒకే కంచంలో తిన్నా ఈ క్రిమి అంటుకోదు. దోమకాటు వల్ల కూడా రాదు. నిరోధ్ లేని లైంగిక సంబంధం వల్ల, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం వల్ల, క్రిమి ఉన్న రక్తం ఎక్కించటం వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది.

పరీక్షకు అందని సంగతి

డ్రైవరు మనసులో ఇంకో మాట ఉంది. "నేను తప్పు చేశాను. దానికి శిక్ష పడే తీరుతుంది." ఈ మాటే అతన్ని తినేస్తోంది. పరీక్ష రక్తం సంగతి చెబుతుంది. మనసులోని తప్పును కడగలేదు. అందుకే పది పరీక్షలు చేసినా బెంగ తీరదు. పరీక్ష చేయించినప్పుడల్లా నాలుగు రోజులు నిమ్మళం. మళ్ళీ మొదటికే వస్తుంది.

ఒకప్పుడు 'ఎయిడ్స్ అంటే చావే' అని చెప్పేవారు. ఆ భయం మనసుల్లో పాతుకుపోయింది. ఇప్పుడు సంగతి వేరు. 2004 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో హెచ్.ఐ.వి. మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రిమి ఉన్నవాళ్ళు కూడా రోజూ మందులు వేసుకుంటే చాలా ఏళ్ళు పనిపాటలు చేసుకుంటూ బతుకుతారు.

ఏం చెయ్యాలి?

సర్కారు ఆసుపత్రిలో ఐ.సి.టి.సి. కేంద్రం ఉంటుంది. అక్కడ పరీక్ష ఉచితం. సలహా చెప్పే కౌన్సిలర్ ఉంటారు. మన సంగతి గుట్టుగా ఉంచుతారు. మన ఒప్పుకోలు లేకుండా ఎవరికీ చెప్పకూడదని 2017లో చట్టం కూడా చేశారు. 1097 నంబరుకు ఫోను చేసి కూడా సలహా అడగవచ్చు. డబ్బు పడదు.

డ్రైవరు చివరికి కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాడు. మూడు కాగితాలూ బల్ల మీద పెట్టాడు.

"ఇంకోసారి చెయ్యండమ్మా" అన్నాడు.

ఆమె కాగితాలు చూసింది. "అన్నా, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఇప్పుడు నీకు కావలసింది నాలుగో కాగితమా, నిద్రా?" అని అడిగింది.

అతను ఏడ్చాడు. జరిగిందంతా చెప్పాడు. ఒకరికి చెప్పుకున్నాక గుండె బరువు సగం దిగింది. ఆమె అతన్ని మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది.

మనోవ్యాధికి మందు లేదని పాత సామెత. ఇప్పుడు ఉంది. మాటలతో నయం చేస్తారు. అవసరమైతే మందులూ ఇస్తారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పిచ్చి అని అర్థం కాదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలని అనిపించినా ఆలస్యం చెయ్యకూడదు. టెలి మానస్ నంబరు 14416. ఎప్పుడైనా చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆలోచించండి, చెప్పండి

1. 'నెగెటివ్' అంటే ఏమిటి?
2. పరీక్షకు మూడు నెలలు ఎందుకు ఆగాలి?
3. డ్రైవరు బరువు ఎందుకు తగ్గాడు?
4. మీకు తెలిసినవాళ్ళు ఇలాంటి బెంగతో ఉంటే మీరు ఏం చెబుతారు?