ఒడ్డున నిలిచిన ఈతగాడు

వేసవి సెలవులు ఆరంభమైనంతనే మన నగరములలోని ఈతకొలనులు పిల్లలతో కళకళలాడుచుండును. తెల్లవారుజాముననే తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, తువాళ్లును సంచులును ఒడిలో పెట్టుకొని గట్టున కూర్చుందురు. కొలను అంచున మెడలో ఈల, చేతిలో గడియారము ధరించి, నీటివంకనే చూచుచు అటునిటు నడచు వ్యక్తి యొకడు కనబడును. అతడే శిక్షకుడు. పిల్లల ఈత సంఘములలో ఈ పనికి పూనుకొనువారిలో పలువురు ఒకప్పుడు తామే పోటీలలో ఈదినవారు. "పతకములు గెలిచినవాడు గదా, మన పిల్లవానికి బాగుగా నేర్పగలడు" అని తల్లిదండ్రులు ధైర్యపడుట సహజము. ఈ ధైర్యము ఎంతవరకు సమంజసము? గెలుచుటయు, నేర్పుటయు ఒకే విద్యయా, లేక రెండు విద్యలా? ఈ ప్రశ్నను కొంచెము విచారింతము.

పల్లెటూళ్లలో ఈత నేర్చు విధానము మనలో అనేకులకు తెలిసినదే. నడుమునకు ఎండిన సొరకాయబుర్రనో, బెండ్లనో కట్టి, అన్నయో మేనమామయో పిల్లవానిని దిగుడుబావిలోనికి దింపును. పిల్లవాడు నాలుగు దినములు నీరు మ్రింగును. అయిదవ నాటికి కాళ్లు చేతులు ఆడించుట అలవడును. పిమ్మట "ఈతకు మించిన లోతు లేదు" అను ధీమాతో గట్టుమీదినుండి దూకును. నీటిపై తేలుటకు, ఒడ్డు చేరుటకు ఈ విద్య చాలును. కాని అదే దూరమును తక్కువ శ్రమతో, తక్కువ కాలములో ఈదవలెనన్నచో మరియొకరి కన్ను అవసరమగును. ఏలయన, ఈదువాడు తన కాళ్లను తాను చూచుకొనలేడు. తన చేయి నీటిలో ఏ కోణమున దిగుచున్నదో, తల ఎంత పైకి లేచుచున్నదో అతనికి తెలియదు. తిన్నగా పోవుచున్నానని తలచును గాని వంకరగా పోవుచుండును. శిక్షకుని మొదటి పని ఈ చూపును ఇచ్చుటయే.

ఇట్టి గురుశిష్య సంబంధమునకు మన దేశమున ఒక చక్కని నిదర్శనమున్నది. సచిన్ నాగ్ 1920లో కాశీలో జన్మించెను. గంగానదియే అతని మొదటి పాఠశాల. జామినీ దాస్ అను శిక్షకుడు అతనిని కలకత్తాకు తీసికొనిపోగా, అచటి హాట్‌ఖోలా క్లబ్బులో చేరి సాధన చేసెను. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ పందెమును 1 నిమిషము 4.7 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. ఆసియా క్రీడలలో భారతదేశమునకు లభించిన మొట్టమొదటి స్వర్ణము అదియే.

తాను ఇంకను పోటీలలో ఈదుచున్న దినములలోనే సచిన్ నాగ్ దృష్టి అదే హాట్‌ఖోలా క్లబ్బులోని ఒక చిన్నపిల్లపై పడెను. ఆమె 1940లో జన్మించిన ఆరతి సాహా. గంగ ఒడ్డున చంపాతలా ఘాటులో నీటికి అలవాటుపడిన ఆ బాలికకు అతడు శిక్షణ నిచ్చెను. 1946లోనే, ఆరేండ్లయినను నిండకుండ, ఆమె 110 గజముల పందెములో మొదటి బహుమతి పొందినది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు గురువును శిష్యురాలును ఇరువురును వెళ్లిరి. గురువు వాటర్ పోలో జట్టులో ఆడెను. పండ్రెండేండ్లు నిండని శిష్యురాలు 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ పందెములో ఈదెను. అచట ఆమెకు పతకము రాలేదు.

ఆమె పేరు లోకమునకు తెలిసినది అటుపిమ్మట ఏడేండ్లకు. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదుటకు ఆమె చేసిన మొదటి ప్రయత్నము ఇంగ్లండు తీరమునకు కొలది మైళ్ల దూరమున, ఎదురు ప్రవాహము వలన విఫలమయ్యెను. నెల తిరిగిన వెంటనే, సెప్టెంబరు 29వ తేదీన ఆమె మరల నీటిలో దిగి, 16 గంటల 20 నిమిషములు ఈది ఆవలి తీరమును చేరెను. ఆ ఘనకార్యమును సాధించిన మొదటి ఆసియా మహిళ ఆమెయే. 1960లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదము నొసగెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. గురువు గెలిచిన పందెము ఒక్క నిమిషము చిల్లరలో ముగిసినది. శిష్యురాలి ఈత ఒక పగటికంటెను దీర్ఘమైనది. గురువుది వేగము, శిష్యురాలిది ఓర్పు. శిష్యురాలు గురువునకు ప్రతిబింబము కాలేదు. తానెట్లు ఈదెనో అట్లే పిల్లలందరును ఈదవలెనని పట్టుబట్టు శిక్షకుడు తన పాత విజయమును మరల చూచుకొనగోరుచున్నాడు గాని పిల్లవానిని చూచుట లేదు. పొడవైన చేతులు గలవాడు ఒక విధముగను, పొట్టివాడు వేరొక విధముగను నీటిని లాగును. ఒకనికి పందెపు తొలి దూకుడు సహజము. మరియొకనికి నూరు బారల తరువాతగాని ఊపు రాదు. ఈ భేదమును కనిపెట్టుటయే నేర్పువాని నేర్పు.

పోటీలలో ఈదినవానికి గల మేలు ఏమి? నీటి స్పర్శ అతని దేహమునకు తెలియును. పందెపు వేదికపై నిలిచినప్పుడు మోకాళ్లలో పుట్టు వణకు అతనికి తెలియును. అలసటచేత మందగించిన పిల్లవానిని, సోమరితనముచేత మందగించిన పిల్లవానిని అతడు వేరుపరచి చూడగలడు. ఓడిపోయి వచ్చిన బాలికతో ఎప్పుడు మాటాడవలెనో, ఎప్పుడు మౌనముగా తువాలు మాత్రమే అందింపవలెనో అతడు అనుభవముచేత ఎరుగును. ఇవి పుస్తకములలో దొరకునవి కావు.

కాని అతనికి గల లోపమును అచటనే పుట్టును. దేహము ఎరిగిన దానిని నోరు చెప్పలేదు. చిన్ననాటినుండి ఈదినవాడు తానెట్లు ఈదునో తానే ఎరుగడు. ఒక్క ఉదాహరణ చూడుడు. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుచేత నీటిలో ముందునకు సాగువానికి ప్రతిరోధము అత్యధికము. వేగము రెండింతలైనచో ప్రతిరోధము రమారమి నాలుగింత లగును. కావున బలము పెంచుటకంటె, దేహమును నీటిమట్టముతో సమముగ నుంచి ప్రతిరోధమును తగ్గించుటయే లాభకరము. క్రొత్తగా నేర్చు పిల్లవాడు భయముచేత తల పైకెత్తును. తల లేచినంతనే నడుము, కాళ్లు క్రిందికి దిగును. అతడు దూలమువలె నీటిని త్రోయుచు పోవలసివచ్చును. "తల దించు" అని ఎన్నిసారులు అరచినను ప్రయోజనముండదు; ఆ భయము తలలోనే యున్నది. "కొలను అడుగున నల్లని గీత యున్నది, దానిని చూచుచు రమ్ము" అని చెప్పినచో తల తనంతట తానే దిగును. మొదటిది ఆజ్ఞ, రెండవది బోధన. పందెములలో ఎన్ని పతకములు వచ్చినను ఈ రెండవ మాట దానంతట రాదు. దానిని వేరుగా నేర్చుకొనవలెను.

ఊపిరియు ఇట్టిదే. పిల్లవాడు మొగము నీటిలో ముంచినంతసేపు ఊపిరి బిగబట్టి, పైకి తేల్చినప్పుడు విడుచుటయు పీల్చుటయు ఒకేసారి చేయబోయి ఉక్కిరిబిక్కిరి యగును. నీటిలో మెల్లగా బుడగలు విడిచి, పైన పీల్చుట మాత్రమే చేయవలెనని నేర్పినచో సగము ఈత వచ్చినట్లే. ఈ ఒక్క పాఠమునకు పదిదినములు పట్టవచ్చును. ఒకప్పటి విజేతకు ఈ పదిదినములు విసుగు పుట్టించునవి. ఆ విసుగును జయించినవాడే గురువు.

మరియొక చిక్కు కలదు. ఈత నియమములు కాలమునుబట్టి మారుచుండును. ఆరతి సాహా ఈదిన 1952 నాటి బ్రెస్ట్‌స్ట్రోక్ పందెమునే చూడుడు. ఆ పందెములో చేతులను నీటిపైకెత్తి బటర్‌ఫ్లై పద్ధతిలో వేయుటకు అనుమతి యుండెను; హంగేరీ దేశపు ఏవా సేకెయ్ అట్లు ఈదియే స్వర్ణపతకము గెలిచెను. పిమ్మట ఆ రెండు ఈతలను వేరుచేసిరి. 1956 ఒలింపిక్ క్రీడలనాటికి బటర్‌ఫ్లై ప్రత్యేక పందెమయ్యెను. అనగా ఏవా సేకెయ్ ఏ ఈతచే విజేత యయ్యెనో, ఆ ఈతను బ్రెస్ట్‌స్ట్రోక్ పందెమున నేర్పుటకు అటుపిమ్మట వీలులేకపోయెను. అయినను ఆమె శిక్షకురాలై, తన కుమార్తె ఆండ్రియాకు నేర్పెను. ఆ కుమార్తె 1972 మ్యూనిక్ క్రీడలలో వెల్లకిల ఈతలో రజతమును, బటర్‌ఫ్లైలో కాంస్యమును పొందినది. తల్లి ఈత వేరు, బిడ్డ ఈత వేరు. 2005లో బ్రెస్ట్‌స్ట్రోక్ ఆరంభమునను, మలుపులయందును నీటి అడుగున కాళ్లు జోడించి ఒక్క తన్ను తన్నుటకు అనుమతించిరి. అంతకుముందు పోటీలు మానినవాడు ఆ తన్నును తాను ఎన్నడును పందెములో వేసి యుండడు. అయినను పిల్లలకు నేర్పక తప్పదు. శిక్షకుడు కూడ విద్యార్థిగానే ఉండవలెను.

ఇక శ్రోతలు ముఖ్యముగా గ్రహింపవలసినది పిల్లల క్షేమము. ఒక్క లెక్క వేసి చూడుడు. 25 మీటర్ల కొలనులో ఒక కొసనుండి మరియొక కొసకు 20 బారలు వేయు బాలుడు ఒక ఉదయమున 3,000 మీటర్లు ఈదినచో మొత్తము 2,400 బారలు, అనగా ఒక్కొక్క భుజము 1,200 సారులు తిరిగినది. బార వేయుటలో దోషమున్నచో అది 1,200 సారులు భుజమునకు తగులును. ఎదుగుచున్న పిల్లలు భుజము నొప్పియని చెప్పినప్పుడు "మా కాలములో ఓర్చుకొంటిమి" అను మాట శిక్షకుని నోట రాకూడదు.

అంతకంటె ప్రమాదకరమైనది నీటి అడుగున ఊపిరి బిగబట్టు పందెము. పిల్లలు మునుగుటకు ముందు గబగబ గట్టిగా ఊపిరి పీల్చి విడుతురు. అందుచేత రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. ఊపిరి తీసికొనవలెనను తహతహను కలిగించునది ఆ వాయువే. అది తగ్గుటచే తహతహ ఆలస్యమగును. ఈలోగా ప్రాణవాయువు తరిగి, ఏ హెచ్చరికయు లేకయే స్పృహ తప్పును. ఈత బాగుగా వచ్చినవారే ఇట్లు మునిగిపోవుట కలదు. మునుగుచున్న పిల్లవాడు కేకలు వేయునని మనము తలంతుము. నోరు నీటిమట్టమున మునిగి తేలుచుండగా కేకకు ఊపిరి ఎక్కడిది? పలుమారు ఆ ఆపద నిశ్శబ్దముగనే వచ్చును. కావుననే ఒడ్డున నిలిచినవాని కన్నులు గడియారముమీదను, చేతిలోని ఫోనుమీదను గాక, నీటిమీదనే ఉండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో లోకమున సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరి. వారిలో చిన్నపిల్లలు అనేకులు.

భయము విషయము కూడ ఒక మాట చెప్పవలెను. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఈదిన నిషా మిల్లెట్ బాల్యమున నీట మునిగి ప్రాణాపాయము తప్పించుకొన్న బాలిక. ఆ భయమును పోగొట్టవలెనని తండ్రి ఆమెను మద్రాసులో ఈతకు పంపెను. పోటీలు ముగిసిన పిమ్మట ఆమె బెంగుళూరులో ఈత శిక్షణాలయమును నెలకొల్పెను. నీటిని చూచి వణకు పిల్లవాని మనస్సును అట్టివారు ఇతరులకంటె బాగుగా ఎరుగుదురు. భయపడిన పిల్లవానిని నీటిలోనికి నెట్టుట ధైర్యము నేర్పుట కాదు. ఆ నెట్టుడు అతనిని నీటికి శాశ్వతముగా దూరము చేయవచ్చును.

ఈత సంఘములలో చేరు పిల్లలలో పతకములు గెలుచువారు వేళ్లపై లెక్కింపదగినవారే. తక్కినవారు చదువులలోను, ఉద్యోగములలోను పడి పోటీలను మరచిపోవుదురు. కాని వారు ఏటి ఒడ్డున నడుచునప్పుడును, తమ బిడ్డలను సముద్రస్నానమునకు తీసికొనిపోవునప్పుడును నేర్చిన ఈత వారివెంట నుండును. శిక్షకుడు వీరందరికిని గురువే. కావున తల్లిదండ్రులు పిల్లలను చేర్పించుటకు వెళ్లినప్పుడు గోడపై వ్రేలాడు పతకములను చూచి తృప్తి పడరాదు. ఒక పావుగంట గట్టున కూర్చుండి, అందరికంటె వెనుకబడి ఈదు పిల్లవానివద్ద శిక్షకుడు ఎంతసేపు నిలుచుచున్నాడో, అతనితో ఎట్లు మాటాడుచున్నాడో గమనించిన చాలును. తమ బిడ్డను అప్పగింపవచ్చునో లేదో తెలిసిపోవును.