బావినీటి విషమును హరించు సూక్ష్మజీవులు

పట్టుచీరెలను నీట ముంచక శుభ్రపరచు డ్రైక్లీనింగు పద్ధతిని మన సోదరీమణులెల్లరు నెరుగుదురు. అందు వాడెడు ద్రవములలో పెర్‌క్లోరోఎథిలీను ఒకటి. ఇది జిడ్డును సులభముగా కరగించును గనుక కర్మాగారములలో లోహపు పరికరములను కడుగుటకును వాడిరి. పారబోసిన ద్రవము నేలలోనికి ఇంకి, నీటికంటె బరువైనది కావున అడుగునకు దిగి, బావుల నీటిని చెరచును. అమెరికాలోని వోబర్న్ పట్టణమున ఇట్టి ద్రావకములు బయటపడగా 1979లో రెండు మంచినీటి బావులను మూసివేసిరి.

నీటిని తోడి శుద్ధిచేయుట యొక మార్గము. కాని యేండ్ల తరబడి తోడినను, నేలనంటిన శేషము మరల నీటిలోనికి ఊరుచునే యుండును.

1997లో కోర్నెల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మురుగునీటి మడ్డినుండి వేరుపరచిన యొక సూక్ష్మజీవిని గూర్చి ప్రకటించిరి. దాని పేరు డీహాలోకొకాయిడీస్. ప్రాణవాయువు తగిలిన నది బ్రతుకజాలదు. శ్వాసించుటకు మనకు ప్రాణవాయువెట్లో, దానికి ఈ విషమట్లు. విషపుటణువునందలి నాలుగు క్లోరిను పరమాణువులను ఒక్కొక్కటిగా తొలగించి, తుదకు ఎథిలీను వాయువును మిగుల్చును. మామిడికాయలను గడ్డిలో మాగవేసినపుడు వానినుండి తానై వెలువడు వాయువు ఇదియే!

అయినను ఇందొక చిక్కు కలదు. ఒక్క క్లోరిను మాత్రమే మిగిలినపుడు ఏర్పడు వినైల్ క్లోరైడు కాన్సరును కలిగించును. పని అచ్చట నిలిచినచో మొదటికంటె ఎక్కువ కీడు. నేలలోని ఇతర సూక్ష్మజీవులలో ననేకములు రెండు క్లోరినులను తీసి ఆగిపోవును. 2002లో ప్రకటితమైన టెక్సాసు రాష్ట్రపు కెల్లీ వైమానిక స్థావరపు పరీక్షయందు, ఆహారమును మాత్రమే యిచ్చిన చోట పని ఇట్లే సగములో నిలిచెను. ఈ జీవులను గూడ దింపిన చోట సుమారు 200 దినములలో విషము ఎథిలీనుగా మారెను.

వీనికై భూమిలోనికి పంపు ఆహారము మన వంటయింటి వస్తువులవంటిదే: సోయానూనె, చక్కెర మడ్డి, పాలవిరుగుడు తేట. అవి పులిసినపుడు పుట్టు హైడ్రోజను వీనికి బలము.

ఇట్టి సహాయులున్నారు గదా యని అజాగ్రత్త తగదు. రంగులు కలుపు థిన్నరు మొదలగు ద్రావకములను పెరటిలో పారబోయరాదు. డ్రైక్లీనింగునుండి వచ్చిన చీరెలను గాలికి ఆరవేసి పిమ్మట పెట్టెలో నుంచుట మేలని మేము సోదరీమణులకు మనవి చేయుచున్నాము. చెడిన బావిని బాగుచేయుటకు నెలలు, ఒక్కొక్కచో ఏండ్లు పట్టును. దానిని చెడకుండ కాపాడుట మనచేతిలోని పని.