వాడుకలో లేదనిపించే కోడ్

ప్రోగ్రాములలోని దోషాలను వెదకి పట్టుకొనుటకు తోడ్పడే సాధనమే డీబగ్గర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రూపొందించిన జీడీబీ వీటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి పాత సాధనాలలో, ఎవ్వరూ పిలవనట్లు కనిపించే ఫంక్షన్లు అప్పుడప్పుడు ఎదురవుతాయి. వాటిని తొలగించవచ్చునా?

పేరును వెదకినపుడు పిలుపు కానరానంత మాత్రాన అది నిరుపయోగమని తలచరాదు. దాని చిరునామా ఒక పట్టికలో ఉండి, పాయింటర్ ద్వారా పిలుపు అందవచ్చు. ఇంటెల్ యంత్రానికి అక్కరలేనిది ఏఆర్‌ఎమ్ యంత్రానికి ప్రాణం కావచ్చు. ఇంకొక విచిత్రముంది. జీసీసీ కంపైలర్‌లోని డీబగ్_ట్రీ వంటి ఫంక్షన్లను మనిషే డీబగ్గర్‌లో టైపు చేసి పిలుస్తాడు. వాటిని పిలిచే వాక్యం ప్రోగ్రాములో ఉండనవసరం లేదు.

అట్లని దేనినీ కదపకుండుట వివేకం కాదు. ఏరియన్-4 రాకెట్ నుండి తెచ్చిన ఒక గణనకు, ఏరియన్-5 పైకెగసిన పిమ్మట పనే లేదు. అయినా అది నడుస్తూనే ఉన్నది. 1996 జూన్ 4న అందులో తలెత్తిన దోషం వలన రాకెట్ దాదాపు 40 సెకన్లలో నాశనమైంది.

కావున ఆ ఫంక్షన్ ఎందుకు చేరినదో మార్పుల చరిత్రలో చదవాలి. అన్ని యంత్రాలకూ ప్రోగ్రామును నిర్మించి పరీక్షించాలి. తొలగింపును విడిగా నమోదు చేసినచో, అవసరమైనపుడు ఆ ఒక్క మార్పునే వెనుకకు తీసుకొనవచ్చు. మనిషి చేత పిలువబడే ఫంక్షన్ల పైన మాత్రం ఆ సంగతిని ఒక వ్యాఖ్యగా వ్రాసి ఉంచాలి.