కొండవిడిదిలో అతిథి: వేడినీళ్ళు, కుంపటి, కంబళి

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలవారికి కాలువగట్టును మించిన ఎత్తు తెలియదు. కొండ చూడవలెనంటే బెజవాడ ఇంద్రకీలాద్రి దాకా పోవలసినదే. అటువంటి మన ఇళ్ళలో కూడా, పిల్లలు ఉద్యోగాలలో స్థిరపడిన తరువాత, పెద్దవారిని ఏడాదికొకసారి అరకుకో, హార్స్‌లీ హిల్స్‌కో, ఊటీకో పంపడం రివాజైపోయింది. బస కూడా వెనుకటి సత్రాలవంటిది కాదు. తివాచీలు, అద్దాల గోడలు, పిలిస్తే పలికే పనివారు గల విలాసవంతమైన విడుదులు.

నేను దివిసీమలో పుట్టి, గుడివాడలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందుతున్నవాడిని. నా భార్యకు చాలాకాలంగా ఉబ్బసం ఉన్నది. పిల్లల పుణ్యమా అని గత పదేళ్ళలో ఐదారు కొండవిడుదులలో ఉండి వచ్చాము. గది ఎంత విశాలమైనది, కిటికీలోనుంచి ఏమి కనిపిస్తుంది అన్నవి అందరూ చెప్పే సంగతులే. ఆ ఆతిథ్యం మా శరీరాలకు ఎట్లా పడినదన్నదే ఇక్కడ చెప్పదలచాను.

ఆయుర్వేదం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు దేశాలుగా విభజించింది. నీటి సమృద్ధి గల మన డెల్టా ఆనూప దేశం, కఫప్రధానమైనది. పుట్టి పెరిగిన నేలకు, తిండికి దేహం అలవాటుపడడాన్ని సాత్మ్యమంటారు. ఉక్కపోతకు సాత్మ్యమైన దేహాన్ని మనం ఒక రాత్రి రైలుప్రయాణంతో, మరి మూడు నాలుగు గంటల ఘాటురోడ్డుతో చలిగాలిలో తెచ్చి నిలబెడుతున్నాము. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అరకు సుమారు 900 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు, ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ప్రాణవాయువు చాలక వచ్చే కొండజబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాతి మాట కనుక దానికి జంకనవసరం లేదు. ఇక్కడ మనలను బాధించేవి చలి, పొడిగాలి, వేళతప్పిన భోజనం.

కొండగాలి కోసం కోస్తావారు పోవడం కొత్త కాదు. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానిటోరియం ప్రారంభమైంది. క్షయకు మందు లేని ఆ కాలంలో మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, వేళకు తిండి, వేళకు నిద్ర, ఇవే చికిత్స. నేటి విలాసవిడుదులలో అన్నీ ఉన్నాయి గాని, ఆ ‘వేళ’ అన్నదే కరువు. రాత్రి భోజనం తొమ్మిదింటికి గాని బల్లమీదికి రాదు.

ఇక స్వాగతం సంగతి. మన వైపు ఎండనబడి వచ్చినవారికి ముందు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, తరువాత మజ్జిగ ఇస్తాము. అది ఈ నేలకు తగిన మర్యాద. చలికొండ మీద సాయంత్రం ఆరింటికి బండి దిగినవారికి మంచుముక్కలు వేసిన పండ్లరసం ఇవ్వడం ఏ నేలకు తగినదో నాకు బోధపడలేదు. రెండు మూడు చోట్ల ఇదే తంతు. అరకులో మేము దిగిన విడిది వీటన్నిటికంటె చౌకైనది. అక్కడ గదులు చూసే మనిషి, నా భార్య ఆయాసపడుతూ మెట్లెక్కడం చూసి, అడగకుండానే ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు తెచ్చిపెట్టాడు. “అమ్మగారూ, రాత్రి దాహమేస్తే ఇవే తాగండి, కుండలో నీళ్ళు వద్దు” అన్నాడు. అతడు ఏ శాస్త్రమూ చదివి ఉండడు. ఆ నీళ్ళలో చిటికెడు శొంఠిపొడి వేసుకుని తాగి ఆమె తెల్లవారేదాకా సుఖంగా నిద్రపోయింది. ఐదు నక్షత్రాల మర్యాద అంటే నా దృష్టిలో అదే.

ఉడకని పప్పు

కొండమీద భోజనం చేసిన మరునాడు కడుపుబ్బరమని మనవారు చాలామంది చెబుతుంటారు. నీళ్ళు పడలేదంటారు. అసలు కారణం చాలాసార్లు పప్పు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. బందరులో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు ఊటీలో 92, 93 డిగ్రీలకే మరుగుతుంది. కావున మూతలేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపు కుతకుత ఉడికినా బద్ద బద్దగానే మిగులుతుంది. కుక్కరులో వండితే ఈ చిక్కు లేదు. మేము చేరగానే వంటవారిని పలకరించి, పెసరపప్పుతో పలుచని పొంగలి, దానిలో మిరియాలు, జీలకర్ర, అల్లం వేయమని కోరుతాము. కాదన్నవారు ఇంతవరకు లేరు. సాయంత్రం ఏడింటికే పెట్టమని అడగడం కూడా అతిథి హక్కే.

బొగ్గుల కుంపటి

అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఇది. నీలగిరులలో ఒక ఖరీదైన విడిదిలో, మార్గశిరపు చలిలో రెండవ రాత్రి, ప్రత్యేక మర్యాదగా మా గదిలోకి నిప్పుల కుంపటి తెచ్చి పెట్టారు. కిటికీలు బిగించి, తెరలు దించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. గది హాయిగా వెచ్చబడింది. గంట గడిచేసరికి నా భార్య, “ఏమండీ, తల పగిలిపోతోంది, వాంతి వచ్చేట్టున్నది” అన్నది. నాకూ తల దిమ్మెక్కినట్లు ఉన్నది. ఇద్దరికీ జ్వరం లేదు, జలుబు లేదు, తిన్నది వేరువేరు పదార్థాలు. ఒకే గదిలోని వారందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినదంటే గాలిని అనుమానించవలెను. తలుపులు, కిటికీలు తెరిచి, కంబళి కప్పి ఆమెను వసారాలోకి నడిపించాను. ఊరిలోని ఆసుపత్రిలో ఆ రాత్రి ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి తేరుకున్నది. విడిది నిర్వాహకుడు మాత్రం, “అతిథులే అడుగుతారండీ” అని ఊరుకున్నాడు.

మండే బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణం కోల్పోయే ప్రమాదం కలదు. ప్రతి చలికాలంలోను ఇటువంటి వార్తలు పత్రికలలో చూస్తూనే ఉన్నాము. స్నానాలగదిలోని గ్యాసు గీజరుతోనూ ఇదే భయం. తలనొప్పికి శొంఠిపట్టు వేయడం మన ఇళ్ళలో అలవాటు. ఈ తలనొప్పికి గృహవైద్యం లేదు. బయటి గాలి, ఆ వెంటనే ఆసుపత్రి, అంతే.

వాగ్భటుడు హేమంత ఋతుచర్యలో నిప్పులతో వెచ్చబరచిన లోపలి గదులలో నివసించమన్న మాట నిజమే. నాటి ఇళ్ళకు గాలి చొరబడే సందులెన్నో ఉండేవి. అద్దాలు బిగించిన నేటి గదికి ఆ వాక్యం వర్తించదని నా అభిప్రాయం. అదే అధ్యాయంలో ఆయన చెప్పిన నువ్వులనూనె అభ్యంగనం, వేడినీళ్ళ స్నానం, మందపు దుప్పట్లు ఎక్కడికైనా వర్తిస్తాయి. గదిలో విద్యుత్తు హీటరు ఉన్నదా అని ముందే విచారించుకోవలెను.

ఉబ్బసం ఉన్నవారు కంబళ్ళ విషయంలోనూ జాగ్రత్తపడాలి. ఏడాదంతా బీరువాలో మగ్గిన రగ్గులో దుమ్ము, కంటికి కనబడని పురుగులు ఉంటాయి. ఎండలో వేసి దులపమని చెప్పాలి, లేదా శుభ్రమైన దుప్పటి లోపల వేసుకోవాలి. వైద్యుడిచ్చిన ఇన్‌హేలరు చేతిసంచిలోనే ఉండాలి. నీలగిరి తైలం కొండల్లో ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. వేడినీళ్ళలో రెండు చుక్కలు వేసి ఆవిరి పట్టడం జలుబుకు ఉపశమనమే గాని, ఆ ఘాటు కొందరి ఉబ్బసాన్ని రేపుతుంది. నా భార్యకు పడదు. దానిని కడుపులోకి తీసుకోరాదు, పసిపిల్లల ముక్కు దగ్గర పెట్టరాదు.

మధుమేహులది మరొక చిక్కు. మా బావమరిది హార్స్‌లీ హిల్స్‌లో, ఇంటి అలవాటు చొప్పున ఉదయం ఏడింటికే మాత్ర వేసుకుని గాలిబండ దాకా నడిచాడు. విడిదిలో ఫలహారం తొమ్మిదింటికి. తిరిగివచ్చేటప్పుడు వణుకు పట్టుకున్నది. చలివణుకనుకున్నాడు. నుదుటిన చెమట చూసి నాకు అనుమానం వచ్చింది. చలిలో చెమట పట్టి వణకడం చక్కెర పడిపోయిన గుర్తు. అతని జేబులో బందరు లడ్డు ఉన్నది గాని, దానిలోని నెయ్యి చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనీయదు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించడం మేలు. టీ కొట్టు అతనిని అడిగి అట్లాగే ఇప్పించాను. పది, పదిహేను నిమిషాలకు మనిషి కుదుటపడ్డాడు. తరువాత కూర్చుని ఆ లడ్డు కూడా తిన్నాడు.