గంగ మళ్లీ పారుతుందా? – 'కల్కి' రెండో భాగం మీద కొన్ని లెక్కలు

మా హాస్టల్లో రాత్రి పది దాటినాక జరిగే చర్చల్లో సగం పరీక్షల గురించి, తక్కిన సగం 'కల్కి 2898 ఏ.డి.' రెండో భాగం గురించి. నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం 2024 జూన్ 27న విడుదలయింది. కథ నడిమధ్యలో ఆగింది. మిగతా కథను అప్పటినుంచీ ప్రేక్షకులే తలా ఒక రకంగా అల్లుకుంటున్నారు. పెద్దలు దీన్ని పనిలేనివాళ్ల పని అంటారు. కాని పాఠక మిత్రులారా, ఊహించడమన్నది విజ్ఞాన శాస్త్రంలో కూడా మొదటి మెట్టే గదా! ఊహకు ఆధారం ఉండాలి. అది తప్పని తేల్చే పరీక్ష కూడా ముందే చెప్పగలగాలి. ఈ రెండూ లేనిది ఊహ కాదు, పందెం.

ఈ లెక్కన మావాళ్లు చెప్పేవాటిలో చాలా భాగం పందేలే. కృష్ణుడి ముఖం మొదటి భాగంలో చూపలేదు కాబట్టి రెండో దాంట్లో ఫలానా హీరో కనిపిస్తాడట. సుమతి పాత్ర వేసిన దీపికా పదుకోణె రెండో భాగంలో ఉండదని వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ రాత్రి మా వరండాలో కనీసం ఆరుగురు నటీమణుల పేర్లు వినిపించాయి. వీటికి ఆధారమేముంది? ఎవరి అభిమానం వాళ్లది. వదిలేద్దాం.

లెక్కకు అందేవి వేరే ఉన్నాయి. 2898 అనే అంకె ఎక్కడిది? కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలయిందని పంచాంగాల లెక్క. దానికి 2898 కలిపితే 6000. దర్శకుడు కూడా తన కథ ఆరువేల ఏండ్ల మీద నడుస్తుందనే చెప్పాడు. అయితే క్రీస్తుపూర్వం 1 తర్వాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి నికరంగా 5999 ఏండ్లే. ఒక ఏడాది తరుగుతో సినిమాకు వచ్చిన నష్టమేమీ లేదనుకోండి, లెక్క లెక్కే గనక చెప్పాను. అసలు తేడా ఇంకొకటుంది. కలియుగం మొత్తం 4,32,000 ఏండ్లు, కల్కి వచ్చేది దాని చివర్న. ఈ సినిమా ఆయన్ను నాలుగు లక్షల ఏండ్లకు పైగా ముందే రప్పిస్తున్నది. అశ్వత్థామ శాపం సంగతీ అంతే. భారతంలోని సౌప్తిక పర్వంలో కృష్ణుడు అతన్ని మూడువేల ఏండ్లు తిరగమన్నాడు, సినిమాలో ఆరువేల ఏండ్లు తిరుగుతున్నాడు. అంటే దర్శకుడు పురాణంలోని పేర్లూ బంధాలూ తీసుకుంటాడు గాని అంకెలు తీసుకోడు. ఇది గుర్తు పెట్టుకుంటే సగం వాదాలు తెగిపోతాయి.

కల్కి రాక గురించి ఊహించడం మా కడప, కర్నూలు వాళ్లకు కొత్తగాదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాశారని, కొంత భాగం పాతిపెట్టి దానిమీద చింతచెట్టు నాటారని మా వైపు చెప్పుకుంటారు. ఆయనే వీరభోగ వసంతరాయలుగా తిరిగొస్తారని నమ్మకం. కలి అయిదువేల ఏండ్లకు వస్తాడని మా జేజి చిన్నప్పుడు తత్త్వాలు పాడేవాళ్లు చెప్పేవాళ్లట. ఆ అయిదువేలు 1899లోనే నిండాయి. అయినా నమ్మకం పోలేదు. ఏదైనా వింత జరిగినాక "అయ్యవారు అప్పుడే చెప్పినారు" అని పాత మాటకు కొత్త సంగతి అతికిస్తారు. మా హాస్టలు పండితులదీ అదే పద్ధతి. ట్రైలరు రానీ, "నేను అప్పుడే చెప్పలేదా" అనేవాళ్లు పదిమంది లేస్తారు. జరగకముందు రాసి పెట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడరు.

పేర్లూ బంధాలూ అన్నాను గదా, వాటిని పట్టుకొని పోదాం. కల్కి పురాణంలో కల్కి తల్లి పేరు సుమతే, ఊరు శంభలే. తల్లినీ ఊరినీ అక్కడినుంచే తెచ్చిన దర్శకుడు గురువును వదులుతాడా? ఆ పురాణంలో కల్కికి విద్య నేర్పేది పరశురాముడు. రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డున అత్తిరాలలో తల్లిని చంపిన పాపం కడుక్కున్నాడని చెప్పుకునే పరశురాముడే. కర్ణుడికీ అస్త్రాలు నేర్పి, శాపం పెట్టింది ఆయనే. భైరవ కర్ణుడేనని మొదటి భాగం చివర్లో తేలింది. కాబట్టి శిష్యులిద్దరూ ఉన్న కథలో గురువు రావాలి. ఇది నా మొదటి ఊహ.

రెండోది విల్లుల గురించి. అర్జునుడి గాండీవం ఇప్పుడు సుప్రీం యాస్కిన్ చేతికి పోయింది. కర్ణుడి విల్లు భైరవ చేతికి వచ్చింది. భారతంలో ధర్మం వైపున్న విల్లు ఈసారి అధర్మం వైపు చేరింది, కర్ణుడి చోటు కూడా అట్లాగే తారుమారు కావాలి. ప్రస్తుతానికి అతను యూనిట్ల ఆశతో సుమతిని ఎత్తుకుపోతున్నా సరే, చివరికి బిడ్డ పక్షాన నిలుస్తాడు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. దాని గురించి మావాళ్లు ఎందుకు మాట్లాడరో తెలీదు. అది నీళ్ల సంగతి.

ఆ సినిమాలో గంగ ఎండిపోయింది. కాశీ చుట్టూ ఇసుకే. పైన తలకిందుల పిరమిడ్ లాంటి కాంప్లెక్స్ వేలాడుతుంటుంది, నీళ్లూ పచ్చదనమూ అంతా అందులోనే. గంగ ఎండడం సాధ్యమా అని మా మిత్రుడొకడు కొట్టిపారేశాడు. నది అంటే పైన కనపడే ప్రవాహం ఒక్కటే గాదు. ఎండాకాలంలో మైదానాల్లో గంగకు మంచునీళ్లతో పాటు భూమిలోంచి ఊరే నీళ్లూ ఆధారం. భూగర్భజలం తోడేకొద్దీ ఆ ఊట తగ్గుతుంది. మా జేజినాయన కపిలె తోలిన బావి ఇప్పుడు ఒట్టి గుంత. దాని పక్కనే మా బోరు ఆరునూర్ల అడుగులు దిగింది. మా పెన్న ఏడాదిలో ఎన్ని నాళ్లు పారుతుందో గండికోట చూసినవాళ్లకు తెలుసు. అన్నట్టు, అదే పెన్న ఇసుకలో పూడిపోయి నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడులో 2020లో బయటపడిన నాగేశ్వరాలయమే ఈ సినిమాలో కనిపించిందని పత్రికలు రాశాయి. కాశీ ఎడారి చూపించాలంటే మన ఏరు సరిపోయిందన్నమాట!

మరి కాంప్లెక్స్‌కు నీళ్లెట్లా ఎక్కాయి? హంద్రీ-నీవా పంపులు చూసిన మనకు ఈ ప్రశ్న రాకుండా ఉండదు. వెయ్యి లీటర్లు ఒక కిలోమీటరు ఎత్తుకు ఎక్కించాలంటే, పంపు నష్టాలు పోను, సుమారు 2.7 యూనిట్ల కరెంటు కావాలి. సినిమాలో డబ్బు పేరు కూడా యూనిట్లే కావడం నాకు భలే నచ్చింది. అంత ఖర్చు పెట్టి ఎక్కించినవాడు దాన్ని ఊరికే వదలడు.

సినిమా వచ్చింది ఆరుద్ర కార్తెలో. మా ఊళ్లో పదును కోసం ఆకాశం చూస్తున్న రోజులవి. చెనక్కాయ విత్తినాక మా నాయనను కడపకు తోడుకొని పోయి చూపించినాను. బయటికొచ్చినాక దేవుళ్ల గురించీ, యుద్ధాల గురించీ ఏమీ అడగలేదు. "కడకు ఆ మిద్దె మింద నీళ్లు కిందికి ఇడుస్తార్రా?" అన్నాడు. రెండో భాగంలో చూడాల నాయనా అన్నాను. "దేవుడు పుడితే పుట్నీ, తూము ఎవురి చేతిలో ఉండాదో అది చూడు" అన్నాడు.

నా మూడో ఊహ అదే. బిడ్డ పుట్టడంతో కథ తీరదు, కాంప్లెక్స్ తూము తెగాలి, కాశీ ఘట్టాల కింద గంగ పారాలి. పరశురాముడు రాకపోయినా, భైరవ కాంప్లెక్స్ పక్షానే మిగిలినా, ఘట్టాలు ఎండిపోయి ఉండగానే తెర పడినా, ఆయా ఊహలు తప్పు. ఈ సంచిక అచ్చయినాక దిద్దే వీలు లేదు గనక, రెండో భాగం వచ్చిననాడు ఈ పేజీ దగ్గర పెట్టుకొని సరిచూసుకోవచ్చు.