నల్లబల్ల పక్కకు వచ్చిన తెర



మా ఆసుపత్రికి గొంతు బొంగురుపోయి వచ్చేవారిలో బడి టీచర్లు ఎప్పుడూ ఉంటారు. రోజంతా పిల్లల ముందు గొంతెత్తి మాట్లాడే వృత్తి కదా! మందు రాయించుకునే లోపల వారితో మాటలు కలిపితే అవి గొంతు దగ్గర మొదలై బడి దాకా వెళతాయి. ఈ కొన్నేళ్ళుగా ఆ మాటల్లో టీవీ పాఠాలు, ఫోను పాఠాలు, తరగతిలో గోడకు బిగించిన పెద్ద తెర తరచుగా వస్తున్నాయి. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల్లో బడికి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి గనుక ఈ సంచికలో దాని గురించి రాస్తున్నాము.

తెర మీద పాఠం మనకు కొత్తదని చాలామంది అనుకుంటారు. కానీ 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ, తెలుగులోనే. మాకు అందులో ముఖ్యంగా తోచిన విషయం వేరే ఉంది. అదే టీవీ ద్వారా ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. దేశం మొత్తం మీద దాదాపు 50 వేల మంది ఆ శిక్షణ పొందారు. పెట్టె ఊరికి పంపితే చాలదు, దాని ముందు నిలబడే మనిషిని కూడా సిద్ధం చేయాలి అని యాభై ఏళ్ళ క్రితమే ఆలోచించారన్న మాట.

తరువాత రేడియో పాఠాలు వచ్చాయి. 2000 తరువాత మన టీవీ వచ్చింది. 2004 సెప్టెంబరులో చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. అయితే పాడవుతాయేమోనన్న భయంతో గదికి తాళం వేసి, అధికారులు వచ్చినప్పుడు మాత్రమే తెరిచిన బడులు ఎన్నో! టీచర్లను మాత్రమే తప్పు పట్టలేము. నేర్పేవారు లేనప్పుడు ఎవరైనా అంతే చేస్తారు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి 3 నుండి 10 తరగతుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలుపెట్టారు. తమ పిల్లలు చూస్తున్నారా, అర్థమైందా అని కనుక్కునే బాధ్యత ఆయా బడి టీచర్ల మీద పడింది.

చేవెళ్ళ వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెప్పే ఉపాధ్యాయురాలు మాతో ఈ సంగతులన్నీ చెప్పారు. పేరు రాయవద్దన్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా సర్వీసు ఉన్నా, ఫోనంటే ఆమెకు మాట్లాడడానికి మాత్రమే. వాట్సాప్ గ్రూపు పెట్టడం ఇంటర్ చదివే కూతురు దగ్గర నేర్చుకున్నారు. గ్రూపు పెట్టి, పొద్దున పది గంటలకు పాఠం గురించి ప్రశ్నలు పంపితే సగం మంది నుండి జవాబు లేదు. ఫోను చేస్తే తల్లులు చెప్పిన మాట ఒక్కటే: “ఫోను మా ఆయన తీస్కపోయిండు టీచరమ్మా.”

మన ప్రాంతం సంగతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పూలు, కూరగాయలు పండించే ఇళ్ళలో మగవారు తెల్లవారక ముందే సరుకుతో బీజాపూర్ రోడ్డెక్కి గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకో, మెహిదీపట్నం రైతు బజారుకో వెళతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వారితోనే పోతుంది. పిల్లలు అశ్రద్ధ చేస్తున్నారని అప్పటిదాకా కోపగించుకున్న ఆమె ప్రశ్నలు పంపే వేళను రాత్రి ఎనిమిది గంటలకు మార్చారు. జవాబులు రావడం మొదలైంది. ఈ మార్పు చేయమని ఏ శిక్షణలోనూ చెప్పలేదు మరి.

ఆ తరువాత ఒక నోటుపుస్తకంలో మూడు వరుసలు గీశారు. నెట్ ఉన్న ఫోను కలవారు, టీవీ మాత్రమే ఉన్నవారు, ఏదీ లేనివారు. మూడవ వరుసలో ఉన్నవారు ఎక్కువగా ఫారంహౌసుల్లో కాపలా ఉండే కుటుంబాల పిల్లలు, బతుకుతెరువు కోసం వేరే ఊళ్ళ నుండి వచ్చినవారి పిల్లలు. పక్కింటి టీవీ దగ్గర లేదా పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టమని ప్రభుత్వం చెప్పింది. కానీ కరోనా రోజుల్లో పక్కింటివారు గుమ్మంలోకి రానిస్తారా? వర్కుషీట్లు జిరాక్సు తీయించి, తోటి టీచరు స్కూటీ మీద ఆమె ఆ ఇళ్ళకే వెళ్ళేవారు. ఆ వరుసలోని ఒక ఏడవ తరగతి బాబు అప్పటికే పూలు కోసే కూలికి పోతున్నాడు. 2021 ఫిబ్రవరి 24న 6, 7, 8 తరగతులు తెరిచి, నెల తిరగకుండానే మళ్ళీ మూశారు. బాబు రాలేదు. సెప్టెంబరు 1న బడులన్నీ తెరిచినప్పుడూ రాలేదు. నాలుగుసార్లు ఇంటికి వెళ్ళి తండ్రితో మాట్లాడిన తరువాత దసరా సెలవుల అనంతరం వచ్చాడు. తోడుగా పోయిన ఇంకొక పిల్ల మాత్రం తిరిగి రాలేదు. ఆ నోటుపుస్తకం ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది.

తరువాతి సంవత్సరాల్లో బడికి పెద్ద తెర వచ్చింది. మొదట్లో ఆమె అరగంట వీడియో పెట్టి పక్కన నిలబడేవారట. పిల్లలు నిశ్శబ్దంగా చూసేవారు, గొంతుకూ విశ్రాంతి. మరునాడు ప్రశ్న అడిగితే మాత్రం జవాబు లేదు. దోమ జీవిత చక్రం చూపించిన రోజున, దోమ ఎంత ఉంటుందని అడిగితే ఒక పాప పావురమంత అని చేతులతో చూపించిందట! తెర మీద అంత పెద్దగానే కనిపించింది మరి, ఆ పాప తప్పేముంది?

అప్పటి నుండి పద్ధతి మార్చారు. వీడియో మూడు నిమిషాలే. శబ్దం ఆపేసి, ఏం జరుగుతోందో పిల్లల చేతనే చెప్పిస్తారు. తరువాత బయటికి తీసుకెళ్ళి బడి వెనుక పాత తొట్టిలోని నీళ్ళు సీసాలో పట్టించారు. గిలగిలలాడే సన్నటి పురుగులను చూసి, సీసా మూతికి దోమతెర గుడ్డ కట్టి, రోజూ ఏం మారిందో రాశారు. గుడ్డు నుండి దోమ కావడానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుందని పుస్తకం చెబుతుంది. పిల్లలు కళ్ళారా చూశారు. ఆ వారం ఆ పిల్లల ఇళ్ళలో కూలర్లు, డ్రమ్ములు, కొబ్బరి చిప్పలు ఖాళీ అయ్యాయని విన్నాము. డెంగీ గురించి మేము వేసే కరపత్రాల కంటే ఆ సీసా బాగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మొయినాబాద్ వైపు టీచర్లు కూడా ఆమెను సలహా అడుగుతుంటారట. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే 2017లో వచ్చిన దీక్షా వేదికలోని పాఠం తెరుచుకుంటుంది. దానిని ఎక్కడ ఆపాలో ముందురోజు చూసుకుని రమ్మని ఆమె చెబుతారు.

ఆమె అనుభవానికి పరిశోధనల తోడు కూడా ఉంది. గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, టీచరు పాఠానికి బదులు కంప్యూటరు పెట్టిన చోట పిల్లలు వెనుకబడ్డారు. బడి వేళ కాక అదనంగా పెట్టిన చోట లాభం కనిపించింది, ముఖ్యంగా చదువులో వెనుకబడిన పిల్లలకు. కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో కూడా చదవడంలో, లెక్కల్లో చెప్పుకోదగిన మెరుగుదల కనబడలేదని 2015లో ఓఈసీడీ సంస్థ నివేదించింది.

ఇక ఇంటి విషయానికి వద్దాము. ఫోనులో పాఠం చూసే బిడ్డ ప్రతి ఇరవై నిమిషాలకొకసారి ఇరవై సెకన్ల పాటు ఇరవై అడుగుల దూరంలోని చెట్టునో, గోడనో చూడాలి. ఫోను మూరెడు దూరంలో ఉండాలి. చీకట్లో చూడనివ్వకండి. రోజుకు రెండు గంటలైనా ఆరుబయట వెలుతురులో ఆడుకునే పిల్లలకు దూరపు చూపు తగ్గే ప్రమాదం తక్కువ. తెర మీది అక్షరాలు కనబడక కళ్ళు చికిలించినా, ముందు బెంచీ కోసం పోట్లాడినా, పక్కవారి నోటుపుస్తకంలో చూసి రాసుకుంటున్నా కంటి పరీక్ష చేయించండి. బిడ్డ మొద్దు అనుకుని కొట్టకండి.

టీచర్లకు: పాఠం మధ్యలో కొద్దికొద్దిగా నీళ్ళు తాగండి. గొంతు నొప్పిగా ఉన్నప్పుడు గుసగుసగా మాట్లాడితే మేలనుకుంటారు, దానివల్ల గొంతుకు మరింత శ్రమ. బొంగురు మూడు వారాలు దాటితే వచ్చి చూపించుకోండి. పిల్లలను కంటి పరీక్షకు తెచ్చేవారు పాత కళ్ళద్దాలుంటే అవి కూడా వెంట తీసుకురండి.