చెట్టును బట్టి పిట్ట

బండిలో పోవువారికి చెట్లు వెనుకకు పరుగెత్తుచున్నట్లు తోచును. పిట్ట యొకటి కనబడినను, దాని పేరడుగులోపలనే మనము మైలు దాటిపోవుదుము. కావున ప్రయాణములో ముందు వెదకవలసినది పిట్టను గాదు, చెట్టును. చెట్టు కదలదు, తన నీడలో ఏ పిట్ట యుండునో తానే సూచించును.

అమెరికాలో ఆర్‌వీ యను ఇంటిబండ్లు కలవు. వంటయిల్లు, పడకలు అందులోనే యుండుటచే, పక్షులు మేల్కొనువేళకు మనము వాని చెంతనే యుండవచ్చును. అరిజోనా రాష్ట్రములో టూసాన్ నగరము ప్రక్కనున్న లెమన్ పర్వతపు దారి ఇట్టి పరిశీలనకు మంచి పాఠశాల. సుమారు 43 కిలోమీటర్లలోనే ఎడారి దాటి చల్లని యడవి చేరుదుము. ఎత్తు పెరిగినకొలది వేడి తగ్గి వాన హెచ్చును. దానితో చెట్లు మాఱును. చెట్లతో పక్షులును మాఱును. ఎత్తును బట్టి జీవజాలము మాఱు తీరును 1889లో హార్ట్ మెరియమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ రాష్ట్రమునందే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరములపై పరిశీలించెను.

దిగువను సవారో యను జెముడు స్తంభములవలె నిలుచును. గీలా వడ్రంగిపిట్ట దానిని తొలుచును. గాయము ఎండి గట్టిపడిన పిదప అందు గూడు పెట్టును. అది విడిచిన తొఱ్ఱలో పిచ్చుకంత గుడ్లగూబ కాపురముండును. పైకి పోగా ఓక్ చెట్లు వచ్చును. అచ్చటి వడ్రంగిపిట్ట ఎండుమ్రానుకు రంధ్రములు చేసి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క ఓక్ కాయను దాచుకొనును. అదియే దాని గాదె. ఇంకను పైన పాండెరోసా పైన్ చెట్ల బెరడు ఎండకు కాగి వెనిల్లా వాసన గొట్టును. శిఖరముచేరువ ఫర్ చెట్లనడుమ, తలపై జుట్టుగల నీలిపిట్ట, స్టెల్లర్ జే, కేకలు వేయును.

సవారో కొమ్మ వేయుటకు సాధారణముగా 50 ఏండ్లకు పైగా పట్టును. దాని మొలకను మెస్కీటు వంటి చెట్లు తమ నీడలో కాపాడును. మెస్కీటు మన జమ్మికి చుట్టము. నేడు, పశుగ్రాసమునకై తెచ్చిన బఫెల్ గడ్డి ఆ యెడారిలో వ్యాపించి, నిప్పును చెట్టునుండి చెట్టునకు మోయుచున్నది. 2020 జూన్‌లో పిడుగు పడి పుట్టిన బిగ్‌హార్న్ కార్చిచ్చు ఈ కొండలలో సుమారు 1,20,000 ఎకరములను చుట్టుముట్టెను. ఒక్క సవారో కాలినచో, తిరిగి ఒక గూబకు ఇల్లు దొరకుటకు మనుష్యుని ఆయుర్దాయములో సగమైన గడవవలెను. మకాము విడుచునపుడు పొయ్యిలోని నిప్పుకణిక నైనను మిగులనీయరాదు.

బండి నడుపువారు దారినే చూడవలెను. చూడదలచినచో, బండిని దారి ప్రక్కన నిలిపి, యంత్రమాపి, కొంతసేపు మౌనముగా నుండవలెను. మన దారులలోను ఇదియే పద్ధతి: ఈతచెట్టు కనబడినచో గిజిగాని గూటికై చూడుడు, మఱ్ఱి పండినచో పచ్చపావురములకై చెవియొగ్గుడు.